ఆపా చెంప ఆనించిన గోడ

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఐదో తరగతితో నిలిచిపోయిన చదువు. తప్పులుంటే మన్నించి చదువుకోండి. నేను ఆపా అని పిలిచే మా పక్కింటి అక్క పోయిన శుక్రవారం చనిపోయింది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుకుని బతికిన మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే.

చెక్క ముక్క చేతికి రాగానే ఆమె చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకునేది. చల్లగా తగిలితే పక్కన పెట్టేసేది. "ఇంకా తడి ఉండాది. ఇప్పుడు చెక్కితే గరిటెకు బూజు పడతాది" అనేది.

పోయినేడు తుపానుకు కొండనీళ్లు మా వీధిలోకి దిగాయి. నడింట్లో మోకాలి లోతున ఒక పగలంతా నిలిచాయి. అవి పోగానే నేను తొందరపడి ఆ నడుమ గోడకు సున్నం కొట్టాను. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని సిగ్గు. బీరువా మళ్లీ గోడకు జరిపాను. నానిన పరుపును రెండు రోజులు ఎండలో వేసి మంచం మీద పరిచాను.

ఇరవై రోజులకు సున్నం పొక్కింది. బీరువా వెనక నల్లగా బూజు. నా భార్యకు ముందే ఆయాసం, ఆ గదిలో పడుకుని పిల్లికూతలు ఎక్కువయ్యాయి. "ఇంట్లో చెమ్మ ఉందా?" అని డాక్టరు అడిగాడు.

ఇంటికొచ్చి చీపురుతో గోడ దులపబోతుంటే ఆపా వచ్చింది.

"ఆపు తమ్ముడా. పొడిగా దులిపితే ఆ దుమ్మంతా మరదలి రొమ్ములోకే పోతాది."

గోడకు చెంప ఆనించి చూసింది.

"సున్నం కొట్టి దీని నోరు మూసినావు. లోపలి తడి యాడికి పోతాది?"

"చూసేవాళ్లు ఏమనుకుంటారో అని, ఆపా..."

"చూసేవాళ్లు వచ్చి దగ్గుతారా ఏంది?"

నా ముక్కుకు తుండు కట్టించింది. సబ్బునీళ్ల గుడ్డతో బూజు తుడిపించి, తడి సున్నమంతా గీకించింది. పరుపు పారేయమన్నప్పుడు మాత్రం నాకు చెయ్యి రాలేదు. అది నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

"నీకు పుట్టింటి పరుపు కావాల్నా, పుట్టింటి పిల్ల కావాల్నా?"

పరుపు పారేశాను.

ఎండాకాలం దాకా నా భార్య ఆపా వాళ్ల ముందరి గదిలోనే పడుకుంది. మేము పగలంతా తలుపులు, కిటికీలు తీసిపెట్టేవాళ్లం. ఆపా రోజూ పొద్దున వచ్చి గోడకు చెంప ఆనించి, "ఇంకా ఆరలా" అని వెళ్లిపోయేది. ఒకరోజు ఆనించి నవ్వింది. "ఇప్పుడు కొట్టుకో నీ సున్నం." నా భార్య ఇంటికొచ్చి ఆ రాత్రి దగ్గకుండా నిద్రపోయింది. ఆపాకు నేను ఒక్క మంచి మాట చెప్పలేదు. నాకు నోరు రాదు.

ఆమె పోయిన రోజు మొదటిసారి వాళ్ల లోపలి గదిలోకి వెళ్లాను. గరిటెల చెక్కంతా గది నడుమ పేర్చి ఉంది. పక్కకు తిరిగి నడవాలి, అంత ఇరుకు. మా గోడ వైపు మాత్రం ఖాళీ.

"అంతకుముందు చెక్కంతా ఆ గోడకే ఉండేది, మామా" అంది ఆమె కోడలు. "రెండు పక్కలా గాలి తగిల్తేనే గోడ ఆరతాదని అత్తమ్మ ఒక్కతే జరిపింది. మళ్లా వానలొస్తాయి, అట్నే ఉండనీ అనింది."

నిన్న జల్లు పడింది. నా భార్య ఆ గోడకు చెంప ఆనించి నిలబడింది. పక్కనే నేనూ ఆనించాను. పొడిగానే ఉంది. అవతల ఆకురాయితో గరిటెను నున్నగా రాకే చప్పుడు లేదు.

ఆమెకు చెప్పాల్సిన మాట మీకు రాశాను. ఈ ఉత్తరం చేరినట్టు ఒక కార్డు ముక్క తొందరగా వేయండి.