ఇత్తడి పలకమీద పైవరుస

మా అవ్వకు ఇంట్లో దేవుడి పటాలకంటే మా గని కూలీల లైన్ ఇళ్ల మొదట్లో ఉన్న రాయే ఎక్కువ. గనిపని వదిలి యుద్ధానికి పోయి తిరిగిరానివాళ్ల కోసం దొరల కాలంలో నిలబెట్టిన రాయి అది. దానికి బిగించిన ఇత్తడి పలకమీద ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లుండేవి. అన్నిటికీ పైన అవ్వ వాళ్లన్న పేరు. చిత్తూరు పక్క పల్లెలో తల్లీతండ్రీ పోతే, చెల్లెల్ని వెంటబెట్టుకొని కేజీఎఫ్‌కు వచ్చి, బంగారు గనిలో దిగి, ఆమెకు పెళ్లి చేసి, ఆయన పటాలంలో చేరాడు. శవం కూడా రాలేదు. అవ్వకు మిగిలింది ఆ పేరొక్కటే. చదువు రాదు కాబట్టి పైవరుస అని గుర్తుపెట్టుకుంది.

ప్రతి అమావాస్యకూ చింతపండూ బూడిదా పట్టుకొని బయల్దేరేది. బిందె తోమినట్టే పలకను తోమేది. మిగతా పేర్లకు పైపైన ఒక చెయ్యి, అన్న పేరుకు మాత్రం భుజం నొప్పెట్టేదాకా. "మా యన్న మొగం నల్లబడకూడదమ్మా" అనేది. గని సర్కారు చేతికొచ్చాక అవ్వ తప్ప ఆ రాయిని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇంత మెరుపు మన గిన్నెలకెప్పుడొస్తుందో అని మా అమ్మ ఎగతాళి చేసేది.

ఒక అమావాస్యనాడు పోయి చూస్తే రాయి చుట్టూ ఇనుప కంచె, దానికి తాళం. చుట్టుపక్కల ఇత్తడి దొంగతనాలు ఎక్కువయ్యాయట.

"అవ్వా, ఇంగ దీన్ని ముట్టుకోవద్దు. సర్కారు ఆస్తి. ముట్టుకుంటే కేసు" అన్నాడు కాపలాదారు.

"మా యన్నను నేను ముట్టుకుంటే కేసా? నీ నోట్లో మన్నుబడ! అయితే నువ్వు తోముతావా?"

"అది నా పని కాదవ్వా."

ఎవరి పనో కనుక్కోవడం నా మెడకు చుట్టుకుంది. ఒక ఆఫీసులో నేల మాది, రాయి మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో రాయి మాదే, నేల మాది కాదన్నారు. అబ్బబ్బ, తాళం వెయ్యడానికి అందరికీ హక్కుంది, తియ్యడానికి ఎవరికీ లేదు! అవ్వ కంచె సందులోంచి చెయ్యి చాపేది. అందేది కాదు. పలక పచ్చగా చిలుము పట్టింది. అవ్వ ముద్ద మింగడం తగ్గించింది. కొడుకులూ మనవళ్లూ ఇంటినిండా ఉన్నా, ఆమెకు అన్న కావాలి. ఆ దిగులు చూడలేక మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టాను.

చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. స్మారకాన్ని చూసుకునే బాధ్యత ఫలానా ఆఫీసుదని తేలింది. పాత పలకను లోపల భద్రం చేసి, అవే పేర్లు గ్రానైటుమీద చెక్కించారు. కంచె తీసేశారు. అవ్వ పెట్టెలోని మంచి చీర కట్టుకొని నాతో వచ్చింది.

పేర్లు చదివాను. పైవరుస ఖాళీ.

"పాత పలకమీద ఆ వరుస పూర్తిగా అరిగిపోయిందమ్మా" అన్నాడు అక్కడున్న అధికారి, పాపం నొచ్చుకుంటూనే. "ఊహించి చెక్కకూడదు కదా. ఏదైనా ఆధారం తెస్తే చెక్కిస్తాం. అందుకే చోటు వదిలినాం."

అన్నకు చెల్లెలు ఉండడం తప్ప ఆధారమేముంది?

"యాడుండాది మా యన్న పేరు? చూపించు" అంది అవ్వ.

అబద్ధం నోటిదాకా వచ్చింది, కానీ ఆమె మొహం చూసి చెప్పలేకపోయాను. "లేదవ్వా. పాతదాంట్లో అరిగిపోయిందంట. చోటు మాత్రం ఇడిచినారు."

అవ్వ ఆ ఖాళీ వరుసమీద అరచెయ్యి పెట్టి, వేళ్లతో అటూ ఇటూ తడిమింది.

"తోమేటప్పుడు కూడా ఇట్లే ఉండె కదమ్మా" అంది. "చేతికి ఏమీ తగల్తా ఉండలే. నా చెయ్యే మొద్దుబారిందేమో అనుకుంటి."