కాలు మీద కాలేసుకుంటే వచ్చే ఆదాయం

స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక నాకు పోర్చుగల్ పిచ్చి పట్టింది. అక్కడ ఉద్యోగం చేయక్కర్లేదట. ఏ పనీ చేయకుండా నెలనెలా వచ్చే ఆదాయం చూపిస్తే ఉండనిస్తారట. కూర్మన్నపాలెంలో మా మేడ మీద రెండు పోర్షన్ల అద్దె, బ్యాంకులో వడ్డీ ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఈ రోజు పొద్దున్న వీసా ఏజెంటమ్మాయి వీడియో కాల్‌లో అడిగింది.

"ఈ అద్దె కోసం మీరేమైనా పని చెయ్యాలా అండీ?"

"ఏం లేదమ్మా. కాలు మీద కాలేసుకుని కూర్చుంటే వచ్చేస్తుంది."

అంతలో మేడ మీంచి కేక. నైట్ షిఫ్ట్ దిగొచ్చి స్నానం చేస్తున్న మా అద్దెవాడు అప్పలరాజు.

"బావా! నీళ్లాగిపోనాయి! సబ్బు రాసుకోని నించున్నాను, మోటరెయ్యి బేగి!"

పరుగెత్తి స్విచ్చేశాను. మోటారు తిరుగుతోంది కానీ నీళ్లు లాగడం లేదు. మూత విప్పి, చెంబులతో నీళ్లు పోసి, మళ్లీ వేసి వచ్చేసరికి లుంగీ తడిసింది, చేతులకు గ్రీజు.

"ఇప్పుడు మీరు చేసిందేంటండీ?" అంది ఆ అమ్మాయి.

"వ్యాయామం" అన్నాను.

ఆమె నవ్వలేదు. "సరే, ముందు అక్కడో ఇల్లు అద్దెకు తీసుకోవాలండీ" అంది.

ఈలోగా తువ్వాలుతో దిగొచ్చిన అప్పలరాజు ఆ మాట విన్నాడు. "నువ్వెల్లిపోతే ఇక్కడ మోటరు ఎవులేత్తారు బావా?" అన్నాడు దిగులుగా.

నా దిగులు వేరు. ఒంటి నిండా సబ్బుతో నిలబడి ఇంటాయన మీద కేకలెయ్యడం పోర్చుగీసులో ఎలాగో, తెలిసినవాళ్లు కాస్త చెబుదురూ.