ఏటవతలి ఓట్లు

కామమ్మ గంప నెత్తిన పెట్టుకుని మా వీధి మలుపు తిరగకముందే ఆమె గొంతు మా వంటింట్లోకి వచ్చేసేది. “నెత్తళ్ళమ్మా, ఎండ్రొయ్యలమ్మా!” ఆమెది ఉప్పుటేటికి అవతల, సముద్రపు గట్టున ఉన్న దొరువుపాళెం. మాది ఏటికి ఇవతల, ఇందుకూరుపేట దాపున వరి పండే ఊరు. మా నాన్న పద్మనాభయ్య ఊరి బడిలో పంతులు. బడే పోలింగు బూతు కాబట్టి ఎన్నికలు వస్తే ఆయనకు అక్కడే డ్యూటీ. అందుకే కామమ్మ సంగతులు సగం ఆమె నోట, సగం మా నాన్న నోట విన్నాను.

దేశంలో మొదటిసారి ఎన్నికలు జరిగినప్పుడు దొరువుపాళెం మగవాళ్ళు పడవెక్కి వచ్చి ఓట్లేశారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? టీలు తాగి, జెండాలు చూసి, కబుర్లన్నీ చెప్పుకుని, పొద్దుగూకే వేళకు తిరిగి వెళ్ళారు. పాళెంలో ఉన్నది ఆ ఒక్క పెద్ద పడవే. ఆడవాళ్ళు తలలు దువ్వుకుని, కొప్పుల్లో పూలు పెట్టుకుని ఒడ్డున కూర్చుని, కూర్చుని, లేచి ఇళ్ళకు పోయారు. యాభై అయిదులో అసెంబ్లీకి ఓట్లు వచ్చినప్పుడూ ఇదే కథ. కామమ్మకు ఆ కోపం ఏళ్ళు గడిచినా తగ్గలేదు.

యాభై ఏడులో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి మా దిక్కున ఒక్క పార్లమెంటుకే ఓట్లు. నెల్లూరు నుంచి ఇద్దరు మెంబర్లు వెళ్ళాలట, అందుకని మనిషికి రెండు ఓట్లు. ఆ మాట విని కామమ్మ మురిసిపోయింది.

“చూసినావా, పోయినసారి మనం ఎయ్యంది కూడా కలిపి ఇస్తుండారు!” అంది స్నేహితురాలు మాలకొండమ్మతో.

ఓట్లనాడు తెల్లవారుతూనే మొగుడు పోలేరయ్య చేతిలోంచి పడవ నెట్టే గడ లాక్కుంది.

“ఈ పొద్దు పడవ మాది.”

“మీదంటే?”

“ఆడోళ్ళది. మేం పోయొచ్చినాక మీరు పోండి. అందాకా బిడ్డల్ని చూసుకోండి.”

పోలేరయ్య మెతక మనిషి. ఎదురు చెప్పలేదు గానీ ఏటి వైపు చూసి, “నీళ్ళు తీస్తుండాయే, పోటు వచ్చిందాకా ఆగరాదా?” అన్నాడు.

“ఆగి ఆగి రెండు ఎన్నికలు పోగొట్టుకున్నాం,” అని కామమ్మ పడవ తోసేసింది.

ఏటి నడుమకు వచ్చేసరికి నీళ్ళు చాలక పడవ అడుసులో కూర్చుంది. గడ వేసి ఎంత నెట్టినా కదల్లేదు. కామమ్మ చీర పైకి దోపుకుని దిగింది. మోకాలిలోతు. ఆమె వెనక ఒక్కొక్కరే దిగారు. మాలకొండమ్మ భారీ మనిషి, నాలుగడుగులు వేసి తొడల్లోతు దిగబడింది. నలుగురు ఆమె చేతులు పట్టుకుని లాగారు, ఆమె రాలేదు, ఆ నలుగురే బురదలో పడ్డారు. అందరికీ ఒకటే నవ్వు. నవ్వేకొద్దీ ఇంకా దిగబడటం. ఎలాగైతేనేం, ఒకరినొకరు పట్టుకుని ఒడ్డెక్కారు.

బడి గుమ్మంలో ఆ గుంపును చూసి నెల్లూరు నుంచి వచ్చిన బూతు అధికారి లేచి నిలబడ్డాడు. మొహాలు తప్ప మిగతాదంతా బురదే.

“ఎవరు పంతులూ వీళ్ళు?”

“ఓటర్లండీ,” అన్నాడు మా నాన్న. తనే వెళ్ళి బావిలో నీళ్ళు తోడి కడవలు తెచ్చాడు. వేళ్ళు కడిగితే గానీ సిరా గుర్తు పెట్టే దారి లేదు మరి.

అప్పట్లో చాటు కట్టిన గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, దాని మీద వాళ్ళ గుర్తు అంటించి ఉండేది. నచ్చిన పెట్టెలో కాగితం వేయాలి. కామమ్మ లోపలికి వెళ్ళి ఎంతకూ బయటికి రాలేదు.

“ఏమ్మా, అయిందా?” అన్నాడు అధికారి.

“ఉండయ్యా! ఇన్నేళ్ళకు వస్తే అప్పుడే తరిమేస్తుండావే!”

ఆ రోజు పాళెం మగవాళ్ళు పోటు వచ్చి పడవ తేలేదాకా ఆగి, బూతు మూసే వేళకు పరుగులు పెట్టుకుంటూ వచ్చారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు తాసీల్దారు కామాక్షయ్య ఇందుకూరుపేటలో మకాం చేశాడు. కామమ్మ గంప దించి తిన్నగా ఆయన ముందు నిలబడింది.

“సారూ, మా పాళేనికి ఒక బూతు ఇప్పించండి.”

“వంతెన అడుగుతారు, రోడ్డు అడుగుతారు. బూతు అడిగేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా.”

“వంతెన ఇస్తామని వచ్చినోళ్ళంతా చెప్పిపోయినారు సారూ. అది వాళ్ళు చూసుకుంటారులే. మీ చేతిలో ఉండేది మీరియ్యండి.”

ఆయనకు ఆ మాట నచ్చింది. చోటు చూస్తానని మరుసటి వారమే వచ్చాడు. ఆ రోజు తప్పు కామమ్మదే. అధికారి వచ్చాడన్న సంబరంలో నీళ్ళ సంగతి మరిచిపోయి ఆయన్ను పడవెక్కించింది. ఏటి నడుమ పడవ కూర్చుంది. బంట్రోతు గగ్గోలు పెట్టాడు. తాసీల్దారు బురదలో దిగనన్నాడు. మాలకొండమ్మ అన్నం, రొయ్యల ఇగురు కట్టుకుని, అలవాటైన దారి గనక ఈసారి మునగకుండా పడవ దాకా వచ్చింది. పోటు వచ్చేదాకా తాసీల్దారు పడవలోనే కూర్చుని భోంచేశాడు.

“కామమ్మా, కావాలనే చేశావు కదూ?”

“ఒట్టు సారూ! చెప్పులు తడవకుండా తేవాలనే చూసినాను,” అంది కామమ్మ, సిగ్గుతో తలొంచుకుని.

ఆయన గట్టిగా నవ్వాడు. తిరిగి వెళ్ళాక పాళేనికి బూతు కావాల్సిందేనని పైవాళ్ళకు గట్టిగా రాశాడు.

అరవై రెండులో దొరువుపాళెంలో, వలలు దాచే కొట్టంలో బూతు పెట్టారు. ఈసారి డ్యూటీకి మా నాన్నే ఏరు దాటాడు. పెట్టెల పద్ధతి పోయి, గుర్తులన్నీ ఒకే కాగితం మీదికి వచ్చాయి. ముద్ర వేసి మడిచి, ఉన్న ఒక్క పెట్టెలో వేయాలి. కదలలేని ముసలమ్మలను మంచాల మీద మోసుకొచ్చారు. వరుసలో ముందు ఆడవాళ్ళు, వెనక చంకన పిల్లలతో మగవాళ్ళు. “అంత కళగా ఉన్న బూతు నేనెక్కడా చూడలా,” అనేవాడు నాన్న.

అరవై ఏడు ఎన్నికలకు పాళెం పెద్ద రంగనాయకులు అందరినీ కూర్చోబెట్టి, మన ఓట్లన్నీ ఫలానా ఆయనకే అని కట్టడి చేశాడు. అందరూ సరేనన్నారు. ఫలితాల రోజు మా పంచాయతీ రేడియో దగ్గర జనం మూగారు. కామమ్మ గంప పక్కన పెట్టుకుని వింటోంది. పోలేరయ్య కూడా వచ్చాడు. పెద్ద చెప్పిన ఆయనే గెలిచాడు. పాళెం వాళ్ళు ఈలలు వేశారు. కామమ్మ మొహం మాత్రం వాడిపోయింది.

పోలేరయ్య అది చూశాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “నువ్వు రెండో ఆయనకేసినావా?” అన్నాడు.

కామమ్మ బెదిరింది. “పెద్దకు చెప్తావా?”

“ఎట్టా చెప్తానే? నేను కూడా ఆయనకే ఏస్తినే!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు కామమ్మ నవ్వింది, తర్వాత పోలేరయ్య. గెలిచినవాళ్ళకంటే వీళ్ళు గట్టిగా నవ్వుతున్నారేమిటని జనం తిరిగి చూశారు. ఆ రోజు కామమ్మ మా అమ్మకు దోసిటి నిండా ఎండ్రొయ్యలు ఊరికే పోసింది. ఎందుకమ్మా అంటే, “ఓడిపోయినామక్కా,” అని మళ్ళీ నవ్వింది.