మా ముగ్గురి రక్తం

పోయిన నెలలో ఒక పొద్దున నేను చిత్తూరులో పనిచేసే టైలరింగ్ షాపులో ఉండగా మా మామ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే" అన్నాడు. పాలు పిండుతుంటే ఆవు గుండెల మీద తన్నిందట. ఊళ్లో మగవాళ్లనే తన్నిన మనిషి ఆవు తన్ని పోవడమేమిటని నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

మామ అంటే నా భర్తే, మా అమ్మ తమ్ముడు. పోయినావిడ నాకు అవ్వ, అత్త కూడా. "పిల్ల నా కళ్ల ముందరే ఉంటాది" అని మా పెళ్లి చేసింది ఆమే.

పూతలపట్టులో ఆమె చేతి దెబ్బ తినని వాళ్లు తక్కువ. పాలలో నీళ్లు కలిపావన్న డెయిరీ మనిషిని కాలరు పట్టుకుని రోడ్డుదాకా ఈడ్చింది. నన్నూ ఒకసారి గరిటెతో కొట్టింది. నేనేమన్నా తక్కువ తిన్నానా, గరిటె లాక్కుని పెరట్లోకి విసిరేశాను. ఆ పూటే అన్నం కలిపి నా నోట్లో పెట్టింది. "కొట్టిన చెయ్యే పెట్టాల" అనేది. కొట్టడం గొప్పని చెప్పడం లేదు, ఉన్నది ఉన్నట్టు మీకు చెబుతున్నాను.

మా మొదటి బిడ్డ ఏడాది దాటగానే పాలిపోయి, పొట్ట ఉబ్బి చనిపోయాడు. జబ్బు పేరు కూడా తెలియలేదు. నా కడుపుదే దోషమని ఊరు అంది. మా మామ నోటితో అనలేదు, తాగినప్పుడు చేతులతో అన్నాడు.

మళ్లీ నెల తప్పినప్పుడు తిరుపతి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. నా రక్తంలో తలసేమియా లోపం ఉందని, దానివల్ల నాకేమీ కాదని, భర్తలోనూ అదే ఉంటే బిడ్డకు జబ్బు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. నెలలు ముదరకముందే ఆయన రక్తం చూడాలంది. ఇంటికొచ్చి అదే చెప్పాను.

"మగోడికేందే పరీచ్చ? లోపం నీలో ఉండాదని వాళ్లే చెప్పినారు గదా" అని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. రెండో దెబ్బకు చేతులు పొట్టకు అడ్డం పెట్టుకున్నాను.

అవ్వ పశువుల పాకలోంచి పలుపుతో వచ్చింది. ఏమీ అడగలేదు. కొడుకును వీపు మీద, తొడల మీద, ఎక్కడ పడితే అక్కడ బాదింది. అంత మనిషీ గోడవారన కూలబడ్డాడు.

"ఒరే, నిన్ను కన్నది నేను. దాన్ని కన్నదాన్ని కన్నదీ నేనే. దాంట్లో లోపం ఉండాదంటే యాడనుంచి వచ్చింది? నాకాడ నుంచేమో. దమ్ముంటే నన్ను కొట్టు సూద్దాం."

అవ్వ పలుపు కింద పడేసి, "పద, ముందు నా రగతం తీయనీ. నీది తర్వాత" అంది.

మర్నాడు ముగ్గురం తిరుపతి బస్సెక్కాం. పెద్దావిడకు అక్కర్లేదని ల్యాబులో చెప్పినా వినకుండా చెయ్యి చాపింది. చివరికి లోపం ముగ్గురిలోనూ ఉందని తేలింది. "నేనే గదా వీళ్లకు ముడేసినాను" అని అవ్వ అక్కడే తన చెంపలు తనే వాయించుకుంది. ఇది ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపింది. ఊరికొచ్చాక నా కడుపు గురించి నోరెత్తిన పక్కింటామె మీదికి చెప్పు విసిరి, "అది నా రగతం. ఏమన్నా ఉంటే నన్నడుగు" అంది. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు జన్మంతా రుణపడ్డాను.

నా కడుపులోని మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకూ పరీక్ష చేశారు. జబ్బు లేదు, మాలాగే లోపం మాత్రం ఉందన్నారు. అవ్వ ఆసుపత్రి నేల మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది. మా మామ ఆ తర్వాత నా మీద చెయ్యెత్తలేదని అబద్ధం చెప్పను. ఎత్తి, తల్లి వైపు చూసి, దించాడు.

నా కూతురు పుట్టినప్పటి నుంచి అవ్వకు పొద్దున లేవగానే ఒకటే పని. రక్తం తగ్గితే కంటి లోపల తెల్లబడుతుందని డాక్టరమ్మ చెప్పిందని, దాని కింది కనురెప్ప లాగి లోపల ఎర్రగా ఉందో లేదో చూసేది. పిల్ల గింజుకున్నా వదిలేది కాదు. అవ్వ పోయిన రోజు ఆమెను వాకిట్లో పడుకోబెట్టాక, నేను పక్కకు తిరిగేలోపే పిల్ల వెళ్లి ఆమె తలకాడ కూర్చుంది. చూపుడువేలితో అవ్వ కింది కనురెప్ప లాగి, లోపలికి వంగి చూసింది.

"తెల్లంగా ఉండాది మా. తిరపతికి తీసకపోదాం" అంది, వేలు రెప్ప మీద నుంచి తీయకుండానే.