అట్ట వెనక రాత

లామినేషన్ మాస్టారని వీధిలో పేరు. ఇంతటి మూర్ఖుడికి మాస్టారని పేరు! జిరాక్స్ కొట్టులో ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల సర్టిఫికెట్లకు ప్లాస్టిక్ తొడిగి తొడిగి, తొడిగిన కాగితం ఇక ఎప్పటికీ మారదని వాడి బుర్రలో పాతుకుపోయింది.

ఏడేళ్ల కిందట మిషన్ల కంపెనీ మీటింగని పొరుగూరు వెళ్లి, ఒక లాడ్జి గదిలో చేయకూడని పని చేసొచ్చాడు. జాగ్రత్తా గీగ్రత్తా ఏమీ లేదు. మూడో వారంలో జ్వరం పట్టుకుంది. గొంతు నొప్పి, మెడ పక్కన బిళ్లలు, ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు. భార్య బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ. "ఏమండీ, నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" అని అడిగింది. వాడు ఒంటికాలి మీద లేచాడు.

మర్నాడే ల్యాబుకి పరిగెత్తాడు. హెచ్ఐవి నెగెటివ్. "వైరస్ సోకిన కొత్తలో ఈ పరీక్షకు దొరక్కపోవచ్చు. మూడు నెలలకి మళ్లీ రండి," అంది నర్సు. ఆ మాటే రిపోర్టు వెనక రాసి కూడా ఇచ్చింది. వింటేగా! కొట్టుకొచ్చి, కాగితం వెనక అట్ట పెట్టి మిషన్లో వేసి తీశాడు. నర్సు రాత అట్ట కిందికి పోయింది. దాన్ని భార్య ముందు పడేసి, "చూసుకో! ఇంకోసారి అనుమానిస్తే ఊరుకోను," అన్నాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని క్షమించమంది. క్షమించమన్నది ఆమె! తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

వారం తిరక్కుండా జ్వరం దానంతటదే తగ్గింది. తర్వాత ఏళ్లకేళ్లు తుమ్మైనా లేదు. వైరస్ మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టకుండా ఒంట్లోని రోగనిరోధక శక్తిని కొరుక్కుతింటూనే ఉంది. ఆరో ఏడు నుంచి మనిషి చిక్కిపోయాడు. విరేచనాలు, నాలుక మీద తెల్లటి పూత. చివరికి దగ్గుతో ఆసుపత్రిలో పడితే క్షయ అని తేలింది. హెచ్ఐవి పరీక్ష కూడా చేస్తామన్నారు. "నాకెందుకండీ? నా దగ్గర రిపోర్టుంది," అంటూ భార్య చేత ఆ అట్టే తెప్పించాడు, సిగ్గులేని జన్మ!

డాక్టరమ్మ తేదీ చూసి, "మళ్లీ ఎప్పుడు రావాలో వెనక రాసిస్తారే!" అంటూ పక్కన పెట్టేసింది. ఈసారి పాజిటివ్ వచ్చింది. "సోకిన మొదటి వారాల్లోనే ఇది ఎదుటివాళ్లకి ఎక్కువగా అంటుకుంటుంది. మీ ఆవిడకీ పరీక్ష చేయించాలి," అంది.

పంతులమ్మ కత్తెర అడిగి తీసుకుని, ప్లాస్టిక్ అంచు కోసి, కాగితం వెనక రాసింది చదివింది. వెళ్లి రక్తమిచ్చి వచ్చింది.

సాయంత్రానికి తెలిసింది. ఆమెకీ ఉంది. ఇంకా ముదరలేదనీ, ఇప్పటి నుంచి రోజూ మానకుండా మందులు వాడితే నిండుగా బతకొచ్చనీ, వాడు కూడా కోలుకుంటాడనీ డాక్టరమ్మ చెప్పింది.

వాడు మంచం మీద భోరుమన్నాడు. "నన్ను చావనీ. నీ మొహం చూడలేను."

పెళ్లయిన పదిహేనేళ్లలో మొదటిసారి ఆమె వాణ్ని నువ్వు అంది.

"చస్తావా? అంత తేలిగ్గా వదిలేస్తాననుకున్నావా? బతుకుతావు. రోజూ నా ఎదురుగా కూర్చుని మాత్ర మింగుతావు. మింగినన్నాళ్లూ నా మొహం చూస్తావు."

మంచినీళ్ల గ్లాసు వాడి చేతిలో పెట్టి, మింగేదాకా కదల్లేదు.