నైట్ డ్యూటీ ఇంటి తలుపు

మొన్న మా కోడలికి పురుడు పోసిన డాక్టరమ్మ, బిడ్డ బరువు చెప్పి ఊరుకోక, నీ మనసెలా ఉందమ్మా అని కోడల్ని కూడా అడిగింది. మా రోజుల్లో బాలింతకు కాయం, వేడినీళ్ళు, చెవుల్లో దూది తప్ప మనసు కూడా ఉంటుందని ఎవరనుకున్నారు కనుక. నాకు టెల్కో ఫ్యాక్టరీ కాలనీ క్వార్టర్సులో మా పక్కింటి వదిన గుర్తొచ్చింది.

డెబ్బైల చివర, నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజులవి. ఆ వరసంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళే. మగవాడు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పగలంతా ఆ ఇంటికి లోపల గొళ్ళెం వేసి ఉండేది, ఎవరూ తట్టకూడదు, కూరగాయలవాడు సైతం అక్కడ కేక వెయ్యకుండా దాటిపోయేవాడు. నెలల బిడ్డను పోగొట్టుకున్న వదిన తలుపు ఆ వారమంతా అలాగే మూసుంటే, ఆమె భర్తకు నైట్లు పడ్డాయనుకుని మేమంతా మహా మర్యాదగా గొంతులు తగ్గించుకుని తిరిగాం.

ఒక మధ్యాహ్నం, అందరం కునుకు తీసే వేళ, మా అత్తగారు నిద్రపట్టక వాకిట్లో బియ్యం ఏరుతుంటే, షిఫ్టు బస్సులోంచి వదిన భర్తే క్యారియరు పట్టుకుని దిగాడు. పొద్దుటి డ్యూటీ నుంచి వస్తున్నాడంటే, ఇంట్లో నిద్రపోతున్న మగవాడే లేడు, ఆ మూసిన తలుపు వెనక వదిన ఒక్కతే. ఆవిడ చేట వదిలేసి పరిగెత్తి ఆ తలుపు బాదింది, బాదుతూనే ఉంది, ఆ చప్పుడుకి మేమంతా లేచి పరిగెత్తుకొచ్చాం. చివరికి వదినే గొళ్ళెం తీసింది.

మేం ఓదార్పు మాటలు వెతుక్కుంటుంటే, అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, "సచ్చిపోదామనుకుంతన్నావేటమ్మా?" అని తిన్నగా అడిగేసింది. ఆ మాట పైకి అనడమే అపశకునమని మేం వణికిపోయాం. బిడ్డ పోయాక ఒక్క చుక్క రాల్చని వదిన మాత్రం, "ఔనత్తా. ఇంకెవులూ రారనుకున్నాను" అని భోరుమంది.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తర్వాత నెలల తరబడి, ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ మాలో ఒకరం ఆమె దగ్గర కూర్చునేవాళ్ళం. కొన్ని రోజులు గోడకేసి చూస్తూ, నన్నెందుకు ఆపారని మమ్మల్నే తిట్టిపోసేది. పంపు దగ్గరికెళ్ళి వచ్చేలోపు ఏమవుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం. వదిన బతికింది గాని, పోయిన బిడ్డ పేరు ఇవాళ్టికీ ఆమె నోట రాదు.

ఎవరింటి మగవాడు ఏ డ్యూటీలో ఉన్నాడో కంఠతా తెలిసిన ఆ రోజుల్లోనే మేమంత పొరపాటు పడ్డాం. ఇప్పుడు మేముంటున్న ఈ గోవింద్‌పూర్ ఫ్లాట్లలో పక్కింటాయన ఏం పని చేస్తాడో కూడా నాకు తెలియదు. లోపల ఒంటరిగా కూర్చున్న ఆడకూతురికి, ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం ఎక్కణ్ణుంచి రావాలి?