నోట్లో కుక్కిన కొంగు

మా మనవరాలికి ఏడో నెల రాగానే మహదేవపురలో ఒక క్లాసులో చేరింది. కాన్పుకు క్లాసేమిటని నేను నవ్వాను. కోత లేకుండా మామూలు కాన్పు కావాలంటే ఒళ్లు వదులు చేసుకోవడం, ఊపిరి నిదానంగా వదలడం ముందే నేర్చుకోవాలట. మొగుడు పక్కన కూర్చుని నడుం పట్టాలి. దాని మొగుడికి శనివారాలు కూడా ఆఫీసే. అందుకని నన్ను రమ్మంది.

"ముగ్గుర్ని కన్నదాన్ని. నాకేం నేర్పిస్తారు పాపా?"

"నీకు నేర్పించేదానికి కాదవ్వా. నా నడుం పట్టుకునేదానికి."

అది నేను పెంచిన పిల్ల. దాన్ని కన్న రోజే నా కూతురు పోయింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఈ పిల్లే. అది బడిలో కన్నడం చదివింది. నాకు అరవై దాటాక ఒకరోజు తెలుగు వాచకం, రెండు పలకలు కొనుక్కొచ్చింది. ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. దానికి నెలలో వచ్చింది, నాకు రెండేళ్లు పట్టింది. అప్పటినుంచి నేను ఏం రాస్తున్నా పక్కన చేరి, పెన్సిలు లాక్కుని దిద్దుతుంది. ఇది మాత్రం దానికి చూపించకుండా రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ.

క్లాసు ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో. నేలమీద నీలం చాపలు, ఐదు జంటలు, ఆరో చాప మీద మేము. నేర్పించేది ఒకప్పటి నర్సమ్మ, గుంటూరు వైపు మాట. మొదటిరోజే నన్ను పట్టుకుంది.

"అమ్మమ్మగారూ, మీ భుజాలు కొంచెం దించండి. మీరు బిగుసుకుంటే అమ్మాయీ బిగుసుకుంటుంది."

"నా భుజాలు డెబ్బై ఏండ్లుగా ఇట్లే ఉండాయి తల్లీ. ఇప్పుడు దించితే కిందపడి పోతాయి."

అందరూ నవ్వారు. మనవరాలు నా తొడ గిల్లింది.

నోరు బిగిస్తే కింద కూడా బిగుసుకుంటుందని ఆ నర్సమ్మ చెప్పింది. దవడ వదలాలి, నోరు తెరవాలి, నొప్పి వచ్చినప్పుడు గొంతులోంచి "ఆ" అని బయటికి పంపాలి. "ఆవులాగా అరిచినా పర్లేదండీ, ఇక్కడ సిగ్గేం లేదు," అంది. మూలనున్న ఒక మొగుడు తన పెళ్లాం కంటే ముందే అరిచాడు. ఆ పెళ్లాం నవ్వలేక కడుపు పట్టుకుంది. నా మనవరాలు మాత్రం నోరు తెరవలేదు.

మూడో వారం గుప్పిట్లో మంచుముక్క పెట్టారు. ఒక నిమిషం పట్టుకోవాలి. నొప్పిని ఊపిరితో, గొంతుతో ఎట్లా దాటించాలో అదొక అభ్యాసం. అందరూ ఆ ఆ అంటున్నారు. ఇది పళ్లు బిగించి గోడకేసి చూస్తోంది. మంచు కరిగి మణికట్టు మీదుగా చాప మీదికి కారుతోంది.

"శబ్దం చెయ్యమ్మా," అంది నర్సమ్మ.

"నాకు అక్కరలేదు మేడం. మా అమ్మ నన్ను కన్నప్పుడు ఒక్క అరుపు కూడా అరవలేదంట. మా అవ్వ చెప్పింది." అంటూ నా వైపు గర్వంగా చూసింది.

నా చేతిలోని మంచుముక్క జారిపోయింది. అవును, నేనే చెప్పాను. అది చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ, అమ్మ కావాలని ఏడ్చినప్పుడల్లా చెప్పాను. మీ అమ్మ మహాతల్లి, ఎవరినీ కష్టపెట్టలేదు, నోరెత్తకుండా కనింది అని. జరిగింది అది కాదు.

అప్పుడు మేము నగర్తపేటలో వఠారంలో ఉండేవాళ్లం. ఒకే వాకిలి, ఎనిమిది కాపురాలు, ఒకే కొళాయి. పక్క గడపకు వినపడకుండా కనడమే అక్కడ ఆడదానికి మెప్పు. నా మూడు కాన్పులూ కొంగు కొరుక్కునే దాటించాను. కూతురు తొలికాన్పుకు నా దగ్గరికి వచ్చింది. నొప్పులు ముదిరాక ఆసుపత్రికి పోవాలని అనుకున్నాం. ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. అదే రోజు పైన ఓనరు ఇంట్లో పెళ్లిచూపులు. మగపెళ్లివాళ్లు వచ్చి ఉన్నారు.

నా కూతురు ఒకసారి అరిచింది. "అరవొద్దే, పైన జనం ఉండారు, పరువు పోతాది," అని దాని కొంగే మడిచి నోట్లో పెట్టాను. పైనుంచి బోండాలు వెయ్యడానికి రమ్మని పిలిస్తే పోయాను కూడా. నూనె దగ్గర నిలబడి, చప్పుడు లేదు కదా, ఇంకా టైముంది అనుకున్నాను. అరుపునుబట్టే కదా నొప్పి ఎంతవరకు వచ్చిందో మాకు తెలిసేది. ఆ అరుపును నేనే మూసిపెట్టానన్న ఆలోచన రాలేదు. కిందికి వచ్చేసరికి దాని ముఖం సున్నంలా ఉంది. దుప్పటి ఎత్తితే అంతా నెత్తురు. కొంగు నోట్లోనే ఉంది.

ఆటోలో తీసుకుపోయాం. బిడ్డ దక్కింది. ముందే ఎందుకు తేలేదని డాక్టరమ్మ కసిరింది. వఠారంలో మాత్రం, ఒక్క అరుపు అరవలేదమ్మా బంగారుతల్లి అని మెచ్చుకున్నారు. ఆ మెప్పునే దాచి ఈ పిల్లకు ఇచ్చాను. ఇచ్చి, దాని నోరూ మూశాను.

నాలుగో వారం నర్సమ్మ తలా ఒక చీటీ ఇచ్చింది. మనసులో ఉన్న భయం రాసి, ఎవరికీ చూపకుండా చింపి బక్కెట్‌లో వెయ్యమంది. అందరూ రెండు గీతలు గీకి చింపేశారు. నాకు చెయ్యి తొందరగా ఆడదు. చాప మీద వంగి ఒక్కొక్క అక్షరమే పెట్టుకుంటూ పోయాను. "మీ అమ్మకు అరవాలని ఉండె. నేనే నోట్లో కొంగు కుక్కినాను. అరిచింటే బతికుండేది. నువ్వు అరవాల."

చింపాలనే అనుకున్నాను. ఎప్పటిలాగే మనవరాలు పక్కనుంచి వంగి, పెన్సిలు లాక్కుని దిద్దబోయింది. పెన్సిలు కాగితం మీద ఆనింది కానీ కదల్లేదు. రెండుసార్లు చదివింది. చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆటోలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"అమ్మ ఊరికే ఉండిందా అవ్వా, నువ్వు కొంగు పెడితే?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.

"రెండుసార్లు తీసేసింది. రెండుసార్లూ నేనే మళ్లా పెట్టినాను."

ఆ తర్వాత అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా తప్ప మాటల్లేవు. పై శనివారం మొగుడు సెలవు పెట్టి క్లాసుకు పోయాడు. నేను రమ్మని అడగలేదు, అది పిలవలేదు. న్యాయమే.

నొప్పులు ఒక పొద్దున వచ్చాయి. కాన్పు గదిలోకి మొగుడు పోయాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. గంటైనా లోపలినుంచి చప్పుడు లేదు. ఆ మౌనం నాకు తెలుసు. ఏం చెయ్యాలో తెలియక నేనే గోడకేసి చూస్తూ ఆ ఆ అని ఊపిరి వదిలాను. నేల తుడిచే ఆమె ఆగి, "ఏనజ్జీ, ఏమైందవ్వా, ఒళ్లు బాగలేదా?" అంది.

అప్పుడు వినపడింది. "అమ్మా!"

తలుపులు అదిరేలా అరిచింది. మళ్లీ అరిచింది. దాని జీవితంలో ఆ మాటతో పిలవడానికి మనిషి లేదు. పడితే అవ్వా, ఆకలైతే అవ్వా. ఇరవై ఏడేళ్లకు మొదటిసారి అమ్మా అని దాని నోట విన్నాను. కొంగు వెనక నా కూతురి నోట్లో ఉన్నది కూడా ఆ మాటే అయ్యుంటుంది. అది పిలిచేది నన్నే. నేను పక్కనే ఉండి పిలవనివ్వలేదు.

ఆడపిల్ల. మధ్యాహ్నం లోపలికి పోయాను. మనవరాలి గొంతు బొంగురుపోయింది. నా కళ్లలోకి చూడకుండానే బిడ్డను ఒళ్లో పెట్టింది.

"బయటికి వినిపించిందా?"

"ఊరవతల హొసకోటె దాకా వినిపించింది."

నవ్వలేదు. "మూడోసారి ఎందుకు తీయలేదవ్వా అమ్మ?" అంది.

"నేను పైకి పోయింటి కదా, చూడలేదు. ఆమెకు చేతిలో బలం లేకపోయిందేమో."

బిడ్డ ఏడుపు అందుకుంది. చిన్న నోరు, పెద్ద గొంతు. ఊరుకో ఊరుకో అంటూ, అలవాటు కొద్దీ నా చెయ్యి దాని నోటి దగ్గరికి పోయింది. మనవరాలు లేవలేని మనిషి లేచి నా మణికట్టు పట్టుకుంది.

"ఏడవనీ అవ్వా."

చెయ్యి తీసేశాను.